పదికి ఎంత?

గ్యాసు పదిహేను కిలోలు,
బండ ఇనుము ఇంకో పదిహేడు.
రెండూ కలిపి భుజానికెత్తుకుని
వల్పరైసో కొండ మెట్లు ముప్పై ఏళ్ళు ఎక్కాను.
మోకాలు కిక్కురుమనలేదు.
ఖాళీ బండతో కిందికి దిగేటప్పుడే
చిప్ప వెనకాల ఎవరో
ఇసుక నములుతున్న చప్పుడు.

మోసినప్పుడు నోరెత్తని దానివి
దించుకున్నాక ఏం రోగమే నీకు
అని నడిమెట్ల మీద నిలబడి తిట్టాను.
ఏజెంటు, యూనియను, మా బావమరిది
నాకు మోకాలడ్డని వాడు లేడు.
ఇక మిగిలింది నా మోకాలే. అదీ అడ్డింది.

మంగళవారం, శుక్రవారం
ఆరోగ్య కేంద్రం కింది గదిలో
యాస్నా అనే పిల్ల
నాచేత గోడకుర్చీ వేయిస్తుంది.
యాభై నాలుగేళ్ళ నిబాల్దో ఒయార్సూన్
లెక్క తప్పిన పిల్లాడిలా
గోడకి వీపానించి, తొడలు వణుకుతూ, ముప్పై దాకా.

మొదటి రోజు నా తుంటి మీద వేలు పెట్టి
"తప్పు మోకాలిది కాదు, ఇక్కడిది" అంది.
గబుక్కున నా బోడిగుండు తడుముకున్నాను,
ముడి ఇంకా పైదాకా పోతుందేమోనని.

పసుపుపచ్చ రబ్బరు పట్టీ చీలమండలకి చుట్టి
పీతలా పక్కకి నడిపిస్తుంది.
కాలు చాపి ఎత్తి పట్టుకోమంటుంది.
ప్రతిదాని చివరా ఒకటే ప్రశ్న:
"నొప్పి, పదికి ఎంత?"

పక్క మంచం మీద రొసాల్బా, చేపలమ్మి,
కొత్త మోకాలు వేయించుకుంది.
"ఎనిమిది! ఎనిమిదిన్నర!"
వేలంపాట గొంతు.
యాస్నా బేరమాడి ఐదుకి దించుతుంది.

నేను మాత్రం రెండు.
ఎప్పుడడిగినా రెండే.
మా నాన్న రేవులో మూటలు మోశాడు.
ఊపిరందని రాత్రి కూడా
ఏంలేదు, పడుకోండి, అన్నాడు.
తెల్లవారేసరికి నిజంగానే
ఏమీ లేదు.

నిన్న చెక్కపెట్టె మీద నిలబెట్టింది.
జానెడు ఎత్తు.
ఒంటికాలి మీద ఆని
రెండో మడమ నేలకి తాకించాలి, మెల్లగా,
గుడ్డు మీద అడుగు పెట్టినట్టు.

ఇసుక నమిలింది.

"పదికి ఎంత?"
"రెండు."
ఆ పిల్ల రాసుకోలేదు.
పెన్సిలు చెవి మీద పెట్టుకుని
నా పై పెదవి వంక చూస్తూ ఊరుకుంది.
అక్కడ చెమట పట్టిందని
నాకూ అప్పుడే తెలిసింది.
గదిలో రొసాల్బా కూడా అరవడం మానేసింది.

"ఆరు," అన్నాను.

అంతే. ఏ మిన్నూ విరగలేదు.
పెట్టె తీసేసి
రెండు వేళ్ళ మందం పలక ఒకటి తెచ్చి పెట్టింది.
"ఇప్పుడు?"
"మూడు."
"మూడుతో పని చేసుకోవచ్చు."

రెండు వేళ్ళ మందం!
ఈ కొండ మొత్తం వంటకి మంట మోసినవాణ్ణి.
సిగ్గుతో చెవులు కాలాయి. అయినా పది సార్లు దిగాను.
ఎక్కేటప్పుడు తొడ తోస్తే చాలట,
దిగేటప్పుడు ఒళ్ళంతటినీ పట్టుకుని
కొంచెం కొంచెంగా వదలాలట.
పట్టుకునే పనే పెద్దదట.
ఖాళీ బండ సంగతి దానికి ఎవరు చెప్పారో.

ఇంటికి నూట అరవై నాలుగు మెట్లు.
నలభయ్యో మెట్టు దగ్గర నాలుగు.
కూర్చున్నాను.
బండ లేకుండా ఈ మెట్ల మీద
ఎప్పుడూ కూర్చోలేదు కాబోలు.
చలిగాలి కిందనించి డీజిలు వాసన తెస్తోంది.
మా పేట కుర్రాడొకడు రెంచీతో రెయిలింగు కొడుతూ
నా కేకని నాకంటే బాగా వేస్తున్నాడు.

ఆ చప్పుడికి దోన్యా ఓర్తెన్సియా
కిటికీ తీసి, పర్సు చేత్తో పట్టుకుని,
"గ్యాసా?" అంది.

"కాదమ్మా. ఇవాళ ఉత్తినే నేనే."

ఆవిడ కాసేపు ఆలోచించి
పర్సు లోపల పెట్టి
ఒక దిండు విసిరింది,
రాయి చల్లగా ఉంటుందని.