మార్జిన్‌లో ఒక మాట

తీర్మానాల పుస్తకంలో నాలుగు గడులు:
వరుస సంఖ్య, విషయం, ఆఫీసు నోటు, కౌన్సిల్ తీర్మానం.
నాలుగో గడిలో రాయాల్సింది
మీటింగుకు ముందురోజు సాయంత్రమే
పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటా:
'చర్చించి ఆమోదించడమైనది.'
మరునాడు దాని మీదే సిరా దిద్దుతా.
పద్దెనిమిదేళ్లుగా నేను రబ్బరు కొనలేదు.

నగరి మునిసిపల్ ఆఫీసు, మేడ మీది హాలు.
ఫ్యాన్లు ఆరు. తిరిగేవి నాలుగు.
తిరిగేవాటి కింద అధికార పక్షం,
తిరగనివాటి కింద తక్కినవాళ్లు.
ఎన్నికలైనాక మా ఊళ్లో మొదట మారేది అదే,
రోడ్లు కాదు, కుర్చీలు.
పోయినసారి తుండుతో విసురుకున్నవాళ్లు
ఈసారి అజెండా కాగితాలు ఎగరకుండా
సెల్‌ఫోన్లు బరువు పెట్టుకుంటారు.
నా బల్ల రెండింటికీ నడుమ.
సగం గాలి వస్తుంది.

మొత్తం ఇరవై రెండు అంశాలు.
మసాలా వడలు చల్లారేలోపు పదహారు దాటినాయి.
పదిహేడు:
రంగునీళ్ల కాలవ మీద సిమెంటు బిళ్లలు పరచుట,
అంచనా ముప్పై ఒక్క లక్షల నలభై వేలు.
'ఆమోదం ఆమోదం' అని బల్లలు చరిచినారు.

పదకొండో వార్డు కోమలవల్లి లేచింది.
మరమగ్గాల మోతలో పెరిగిన గొంతు,
మెల్లగా మాట్లాడ్డం దానికి చేతకాదు.

'కాలవ మూస్తే నీళ్లు మారతాయా సామీ?
మా వీధి పిల్లోళ్ల పాదాలు చూడండి.
సోమవారం ఊదా, బేస్తవారం పచ్చ.
ఈ పొద్దు ఏ లుంగీకి ఏ రంగు కాస్తా ఉండారో
బడికాడ టీచరమ్మ
గడపలో కాళ్లు చూసి చెప్పేస్తాది.
అరవంలో సాయమంటే రంగు.
తెలుగులో సాయమంటే మీకే తెలుసు.
మాకు మొదటిదే అందతా ఉండాది.'

ఎవరో నవ్వినారు.
'బిళ్లలు పరిస్తే కనపడదు కదమ్మా, ఇంకేం బాధ?'
అన్నాడు అధ్యక్షుడు, నిజంగానే అర్థం కాక.

చెప్పడం మరిచినాను,
ఆమె కూర్చునేది తిరిగే ఫ్యాను కిందనే.

చేతులెత్తమన్నారు.
ఆ పక్క లేచినాయి. సరే.
తిరగని ఫ్యాన్ల కింద కూడా లేచినాయి.
కాంట్రాక్టరు ఒక పక్షానికి బావమరిది,
ఇంకో పక్షానికి వియ్యంకుడు.
ఇరవై ఎనిమిది చేతులు లెక్కపెట్టినా.
ఆమె చేతులు రెండూ బల్ల మీదున్నాయి,
గోళ్ల సందుల్లో ఇంకా పోని నీలం.

'నా అసమ్మతి రాయండి' అనింది
నా దిక్కు తిరిగి.

రూల్సు పుస్తకంలో ఉన్న మాటే.
నా కలం కిందికి మాత్రం ఎప్పుడూ రాలేదు.
మ కింద మ ఒత్తు ఉందా అని
చెయ్యి ఒక్క క్షణం ఆగింది.
దానికి గడి లేదు.
కమిషనర్ కిటికీలోంచి కొండను చూస్తున్నాడు.
మార్జిన్‌లో, పుస్తకం అడ్డంగా తిప్పి,
చీమల్లాంటి అక్షరాలతో రాసినా:
'11వ వార్డు సభ్యురాలు అసమ్మతి తెలిపినారు.'
ఆమె దగ్గరకొచ్చి వేలు పెట్టి చదువుకుంది,
మగ్గం మీద తెగిన పోగును వెతికినట్టు.

బిళ్లలు పరిచినారు. రిబ్బన్ కత్తిరించినారు.
ఇప్పుడు పిల్లోళ్లు వాటి మీదే క్రికెట్ ఆడతారు.
కింద కాలవ తనకు తాను గొణుక్కుంటుంది.
బిళ్ల ఎత్తడానికి వదిలిన చిల్లుల్లోంచి
పొద్దున ఒక రంగు వాసన, మాపటికి ఒకటి.
ఊరి మీదికి వంగిన మా కొండకు
దేవుడు అంత పెద్ద ముక్కు పెట్టినాడు.
అది కూడా ఏమీ అనడం లేదు.

తర్వాతి మీటింగుకు
కోమలవల్లి కుర్చీ తిరగని ఫ్యాను కింద ఉంది.
ఎవరు జరిపినారో నేను రాయలేదు,
దానికీ గడి లేదు.
ఆమె పుస్తకంతో విసురుకుంటూ
ఒకటో అంశం నుంచే చదవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం బస్టాండు అంగట్లో
ఐదు రూపాయలిచ్చి రబ్బరు కొన్నా.
సొరుగులో ఉంది.
పై కాగితం ఇంకా విప్పలేదు.