టీసీ బుక్కు అయిపోయింది

బోరబండ సర్కారు హైస్కూల్లో
గుమాస్తా కుర్చీ నాది.
ఇరవై రెండేళ్లుగా
వెళ్ళిపోయేవాళ్ళ పేర్లు రాస్తున్నాను.

కార్బన్ పైన ఒకటి, కింద ఒకటి.
పుట్టిన తేదీ అంకెల్లో, మళ్ళీ అక్షరాల్లో.
పుట్టుమచ్చలు రెండు.
పదకొండో గడి: బడి మానుటకు కారణం.
ఎంత చిన్న గడి అంటే
"తల్లిదండ్రుల కోరిక" అని రాస్తే
ఇంక చుక్క పెట్టడానికే జాగా ఉండదు.

అందులో పట్టనివి నాకు తెలుసు.
ఆడపిల్లల బాత్రూము తలుపుకి గడియ లేదు.
నల్లా వచ్చే టైమూ, మొదటి గంటా ఒకటే.
అల్లాపూర్ పోయే దారిలో వైన్ షాపు పక్క మలుపు.
తమ్ముడు పుట్టాడు.
అమ్మ వేలిలోకి మిషన్ సూది దిగింది.
ఎనిమిది దాటాక ఎక్కువ,
దసరా సెలవులయ్యాక ఇంకా ఎక్కువ.

ఆ మంగళవారం అంజిలమ్మ వచ్చింది.
మడమల పగుళ్ళలో సిమెంటు,
కొంగున ముడి.
వెనక శివలీల, ఎనిమిది బి.
బ్యాగు లేదు. అది లేకపోతే
చేతులేం చేసుకోవాలో తెలీనట్టు
చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

"జీడిమెట్లల కంపెనీ మేడం,
డబ్బాలకు కాగితాలు అతికించుడే.
నెలకు తొమ్మిది వేలంట.
బడి కాగితం తెమ్మన్నరు.
వయసు కాడ మాత్రం
జర సూసి రాయుండ్రి."

చూశాను. రిజిస్టర్లో పదమూడు నిండి
నాలుగు నెలలు.

"టీసీ బుక్కు అయిపోయిందమ్మా,
పై ఆఫీసు నుంచి రావాలి. సోమవారం రా.
అందాక పిల్ల క్లాసులో కూర్చోవాలి, రూలు."

అలాంటి రూలు లేదు.
సొరుగులో నలభై ఖాళీ పేజీల బుక్కు
నా మోకాలికి తగులుతూనే ఉంది.

సోమవారం: సార్ మీటింగుకి పోయారు.
ఆపై సోమవారం: సీలు దొరకట్లేదు.
సర్కారు ఆఫీసులో పని కాదని
లోకమంతా తిట్టిన తిట్టు
నా కొలువులో మొదటిసారి
ఒకరి అక్కరకొచ్చింది.

గొప్ప చెప్పుకోవడం లేదు.
ఆమె వచ్చిన ప్రతిసారీ ఒక పూట కూలి పోయింది.
ఆ లెక్క కూడా నా దగ్గరే ఉంది,
కార్బన్ కాపీతో సహా.
తొమ్మిది వేలు నేనియ్యలేను.
నూట పది రూపాయలు పెట్టి
మోతీనగర్లో ఇనప గడియ కొన్నాను,
వాచ్‌మన్ ఖలీల్ మేకుల బదులు స్క్రూలు బిగించాడు.
లెక్కల టీచరు సువర్చల
ఆ పిల్లకి బస్సు పాసు ఫారం నింపింది.
మలుపు తప్పుతుంది, అంతే.
నల్లా టైము మారలేదు.

మొన్న ఇంటర్వెల్లో
శివలీల గడియ పెట్టి, తీసి, పెట్టి
ఆ చప్పుడు విని
లోపల ఎందుకో నవ్వింది.
కిటికీలోంచి వినిపించింది.

నాలుగోసారి అంజిలమ్మ
గుమ్మం లోపలికి రాలేదు.
చౌకట్టు పట్టుకుని నిలబడి
నన్ను కాదు, సొరుగుని చూసింది.
"గా బుక్కు
పదో తరగతి అయినంకనే ఒస్తదా, మేడం?"
అడిగిందో, చెప్పిందో.
నేను నోరు తెరిచేలోపు
చేతిలో ఫోను మోగింది, కంపెనీ మేస్త్రి.
ఎత్తలేదు. కొయ్యలేదు కూడా.
మోగుతున్న ఫోనుతోనే
గేటు దాటి పోయింది.

మార్చిలో నా రిటైర్మెంటు.
నా జాగాలో వచ్చే కుర్రాడు మహా చురుకైనవాడట,
కంప్యూటర్లో రెండు నిమిషాల్లో
టీసీ తీసి చేతిలో పెడతాడట.
అందరూ మెచ్చుకుంటున్నారు.

సొరుగు తాళం
సంచిలో వేసుకుంటాను, తీస్తాను.
మార్చికి శివలీల
ఇంకా ఎనిమిదిలోనే ఉంటుంది.