ఘాటు

ఏప్రిల్‌లో గుంటూరులో
ఏ పాఠానికైనా మొదటి మాట తుమ్మే.
ఏటుకూరు రోడ్డు మీద మిర్చి లారీ ఒకటి మలుపు తిరగ్గానే
ముందు నేను తుమ్ముతాను,
తర్వాత పదకొండు మంది.
అప్పుడు ప్రార్థన.

బల్ల మీద జర్మనీ దొర రాసిన పుస్తకం,
చెదలు అంచులు తిన్న ఆరో అధ్యాయం.
నల్లబల్ల మీద రాశాను: ప్రాయశ్చిత్తం.
వత్తు దగ్గర చాక్‌పీసు విరిగింది.
ముప్పై ఏళ్ళుగా రాస్తున్న మాట,
నా దగ్గర చదివిన ప్రతివాడూ
ఐదు మార్కులకు అప్పజెప్పి
పాస్టరై పోయిన మాట.

బొల్లాపల్లి అవతలి తండా నుంచి వచ్చిన
బాణావత్ సక్రూ లేచాడు.
"అయ్యగారూ, సీత్లా పండక్కి మేం
మేక మీద నీళ్ళు చల్లి ఆగుతాం.
ఒళ్ళు విదిలిస్తేనే కత్తి.
లేదంటే ఎండలో అట్టాగే నిలబడతాం, ఊరంతా.
మరి మీరు చెప్పే గొర్రెపిల్ల
విదిలించిందా?"

పుస్తకంలో లేదు.
అడుగున చిన్న అక్షరాల్లో కూడా వెతికాను.
ఆ రాత్రి తోటలో, నేలమీద బోర్లాపడి,
చెమటలో తడిసి వణికిన మనిషి గుర్తొచ్చాడు.
"విదిలించింది" అన్నాను, "మూడుసార్లు."
సక్రూ రాసుకున్నాడు.
నేనూ రాసుకున్నాను,
దొర పుస్తకం అట్ట లోపల, పెన్సిలుతో.

అంతటితో గంట కొడితే బాగుండేది.

కిటికీ పక్కన తలతోటి ఎస్తేరురాణి.
లేవలేదు. కూర్చునే అడిగింది.
"మా తాత చెప్పేవాడు.
మా వాళ్ళ నీడ తగిలితే
పెద్దవీధి ముసలాయన కాలవకెళ్ళి మునిగొచ్చేవాడంట,
జంధ్యం మార్చుకునేవాడంట.
దాని పేరూ ఇదే అయ్యగారూ, బల్ల మీద ఉన్నదే.
మరి దేవుడు చేసింది కూడా అదేనా?
మమ్మల్ని ముట్టుకుని
మునిగాడా?"

ఫ్యాను తిరుగుతోంది.
నాకు ఈ మాట నేర్పిన దొరలకు ఆ కాలవ తెలియదు.
నాకు తెలుసు.
మా నాయనమ్మ దాని గట్టుకు ఇవతల
ఖాళీ కుండతో నిలబడ్డ మనిషి.
తెలిసీ
ముప్పై ఏళ్ళు తెల్లగా రాశాను.

సిద్ధాంతం దొరక్క, జరిగింది చెప్పాను.

పోయిన గురువారం, యార్డు వెనక కాలనీ గుడిలో
పాదాలు కడిగే ఆరాధన.
ఏటా పన్నెండుమంది పెద్దలు వచ్చేవారు,
ఇంటిదగ్గరే సబ్బుతో కడుక్కున్న పాదాలతో.
ఈసారి వాళ్ళకి ఎన్నికల మీటింగు.
తొడిమలు తీసే ఆడవాళ్ళు పనిమీద నుంచి నేరుగా వచ్చి
బెంచీ మీద కూర్చున్నారు.
మొదటి పాదానికే బేసిన్లో నీళ్ళు ఎర్రబడ్డాయి.
మడమల పగుళ్ళలో కారం, గోళ్ళ కింద కారం.
"వద్దయ్యగారూ, మండుద్ది" అంది ఒకావిడ.
నేను అది వినయం అనుకున్నాను.

ఆ రాత్రి సబ్బు పెట్టాను, చింతపండు పులుసు పూశాను,
మజ్జిగ గిన్నెలో రెండు చేతులూ ముంచి
మంచం మీద కూర్చున్నాను.
తెలియక కళ్ళు నలుపుకున్నాను కూడా.
మా ఆవిడ నవ్వింది, తర్వాత విసనకర్ర తెచ్చింది.
తెల్లారి రొట్టె విరుస్తుంటే
వేళ్ళ సందుల్లో ఇంకా ఉంది.

ఎవరూ రాసుకోవడం లేదు.
ఎస్తేరురాణి మాత్రం నా చేతుల వంక చూస్తోంది.
"ఏడో ఆవిడ మా అమ్మ" అంది.
కాసేపటికి,
"కడుక్కున్నా పోలేదా?"
"పోలేదు."
"మా అమ్మకీ పోదు" అని
కిటికీ వైపు తిరిగింది.

డస్టరు తీసుకుని మాట చెరపబోయాను.
సగం చెరిపి ఆగాను.
దాని బదులు రాయడానికి నా దగ్గర ఏముంది?
తను నోట్సులో
ఆ మాట రావలసిన చోట
నాలుగు గీతలు ఖాళీగా వదిలింది.

జూన్‌లో పరీక్ష.
ఈ ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది.
ఆ నాలుగు గీతల్లో ఏం రాస్తుందో,
దిద్దడానికి నాకేం తెలుసని
ఎన్ని మార్కులేస్తానో.

ఇంకో లారీ.
సక్రూ తుమ్మాడు.