పదికి ఎన్ని మార్కులు

గురువారం రాత్రి. సొహార్ పోర్టు వెనక క్యాంపు, పద్నాలుగో రూము.
రెండు మంచాల నడుమ తెల్ల దుప్పటి కట్టి
కొత్త పిలగాడు వంశీధర్ ఏసిండు సినిమా.
ఎవలో పైసల్లేనోళ్లు తీసింది:
అడవిల ఒక చెక్క ఇల్లు, నలుగురు దోస్తులు,
మొకానికి గోనెసంచి తొడుక్కున్న ఒకడు,
వాని చేతిల గొడ్డలి. కథ గంతే.

ఏసీ నీళ్లు బకెట్ల పడ్తున్న చప్పుడు
సినిమాలదో రూములదో కొంచెం సేపు తెల్వలే.

లింబాద్రి చెట్లు లెక్కపెట్టిండు.
"ఇరిగిన కొమ్మ మళ్ల వచ్చింది సూడు.
వీళ్లకున్నయే ఆరు చెట్లు,
ఆ ఆరిటి సుట్టే ఉరుకుతున్నరు గంట సంది."
మేస్త్రి కన్ను. కొలవకుండ దేన్నీ నమ్మడు.

ఓబులేసుకు నెత్తురు నచ్చలే.
"అది రోజా షర్బత్తు రా సామీ.
యాటను కోస్తే యాడన్నా అంత పల్చగా కారుతాదా?
ఒక్క ఈగన్నా వాలల్యా."

రూప్‌సింగ్‌ది ఖానాపూర్ అవతలి తండా.
ఆ గొడ్డలి పట్టుకున్న తీరే తప్పన్నడు.
ఇంకో మాట గూడ అన్నడు, నిమ్మళంగ:
"అడవిల దొంగతనంగ నడుసుడు ఉండదు.
నువ్వు అడుగేస్తే కొండెంగ అరుస్తది,
కొండెంగ అరిస్తే నెమలి అందుకుంటది.
అడవి చాడీలు చెప్తది.
గింత మంది సస్తున్నా నోరు మూసుకున్నదంటే
గిది అడవి గాదు, ఎవలిదో తోట."

దస్తగిరి, మా వంటాయన,
మొత్తం సినిమాల ఒక్కటే చూసిండు:
మొదట్ల ఆ పిల్ల చాయ పెట్టి
బయట చప్పుడైతే స్టవ్ ఆర్పకుండ ఉరికింది.
"ఆ తర్వాత ముగ్గురు సచ్చినారు, కానీలే,
ఆ గిన్నె మాడిపోయుంటాది."
అందరం నవ్వినం.
దుప్పటి మీద అప్పుడే ఎవడో నాలుగోవాడు పడిపోతుండె.

ముత్తెన్నకు సమజ్ కానిది వేరే.
"ఆళ్లేమో పాణం పోయేటట్టు ఉరుకుతున్నరు.
వాడేమో అంగడికి పోయినట్టు నడుస్తున్నడు.
మరెట్ల అందుకుంటున్నడు?"
భోజన్న గోడకు ఒరిగి, దుప్పటి దిక్కు సూడకుండనే అన్నడు:
"మిత్తి గూడ నడుసుకుంటనే వస్తది."

ఏజెంటుకు ఇంకెంత కట్టాల్నో ఎవనిది వానికి ఎరుక.
ఎవలో సీటి కొట్టిన్రు, ఆ మాట పోవాల్నని.

ఆఖర్ల ఒక తప్పు జరిగింది సినిమాల.
అందరు సచ్చినంక కెమెరా బంజేసుడు మరిచినట్టున్నరు.
మనుషులు లేరు, గోనెసంచోడు లేడు.
ఆకుల మీద వాన.
ఉత్త వాన. టేకాకు లెక్క వెడల్పాటి ఆకొకటి
వంగుతది, నీళ్లు జారవిడుస్తది, లేస్తది,
మళ్ల వంగుతది.
ఎనిమిది నెలలైంది మా నెత్తిన సినుకు పడక.
లింబాద్రి లెక్క ఆపిండు.
వంశీధర్ బంజేయబోతే
"ఆ వాన ముక్క మళ్లొకసారి ఎయ్యి" అన్నది
ముత్తెన్ననో భోజన్ననో, సీకట్ల తెల్వలే.
మూడు సార్లు ఏసిండు.

మార్కులు పదికి రెండు.
వానకు వేరే ఇయ్యాల్నని రూప్‌సింగ్ పట్టు.

ఒంటిగంటకు వంశీధర్ నా కాలు తట్టిండు.
"అన్నా, బాత్రూం దాక వస్తవా?"
బయట ఉడుకు గాలి. దూరంగ రిఫైనరీ మంట.
కంచె దాక ఒక్క సెట్టు లేదు, దాసుకునేందుకు ఒక్క మూల లేదు.
"ఈడ ఎవడొచ్చినా దూరంకెల్లే కనవడ్తడు గదన్నా"
అన్నడు పిలగాడు, ధైర్నం తెచ్చుకుంట.
"ఆఁ" అన్న.
ఇంకేం అన్లే.

లోపట పండినంక, పై మంచంకెల్లి దస్తగిరి గొంతు:
"నిద్దర పట్టల్యా.
ఆ స్టవ్వు ఎవరన్నా ఆర్పినారా, ల్యాదా?"