చెప్పలేం

మా బాపు లిఫ్ట్ మెకానిక్.
హిమాయత్‌నగర్ నుంచి కొండాపూర్ దాకా
ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా ఆయన ఫోనే మోగుతుంది.
నేను బి.ఏ. హిస్టరీలో చేరిన రోజు
స్పానర్ తుడుచుకుంటూ ఒకటే అడిగాడు:
"ఇది ఏ ఫ్లోర్ కాడ ఆగుతది బిడ్డా?"

కోఠి కాలేజీ పాత భవనం ముందు
వెడల్పాటి మెట్లుంటాయి.
వాటి మీద కూచుని టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్ళం.
క్లాసు మొత్తం ఆరుగురం.
ఒకరు రాకపోతే
గది ఎత్తు ఇంకొంచెం పెరిగినట్టుండేది.

మెహజబీన్ మేడం గెస్ట్ ఫ్యాకల్టీ,
గంటకింత అని లెక్క,
ఆ లెక్క కూడా ఆర్నెల్లకోసారి.
ఒకరోజు పాత అర్జీ జిరాక్స్ తెచ్చింది,
నీళ్ళ పన్ను కట్టలేనని ఎవరో రాసుకున్నది,
చివర వేలిముద్ర.
"ఇతనికి ఏమనిపించింది?"
"బాధ మేడం," అన్నాను.
"ఎట్లా తెలుసు?"
"చదివితే తెలుస్తోంది."
"రాసింది అతను కాదు.
అణా తీసుకుని అర్జీలు రాసేవాడు.
బాధ ఎవరిది, వాక్యం ఎవరిది?"
బెల్లు మోగింది.
ఆ ప్రశ్నను బోరబండ బస్సులో
ఇంటిదాకా నిలబడే తెచ్చుకున్నాను.

దారిలో అమీర్‌పేట.
నలభై ఐదు రోజుల్లో, తొంభై రోజుల్లో
మనిషి ఏమవుతాడో
బోర్డుల మీద గ్యారంటీగా రాసుంటుంది.
మా చిన్నబాపు కొడుకు ఆ తొంభైలో అయ్యాడు.
పెళ్ళిళ్ళలో అందరూ వాడి పక్కన కుర్చీ లాక్కునేవాళ్ళు.
నన్ను చూసి
"బి.ఏ.నా... మంచిదే" అనేవాళ్ళు.
ఆ మూడు చుక్కల్లో మూడేళ్ళున్నాను.

ఇప్పుడు మాదాపూర్‌లో, తొమ్మిదో అంతస్తులో
వాక్యాలకు ముద్ర వేయడం నా ఉద్యోగం.
స్క్రీన్ మీద ఒక తెలుగు వాక్యం వస్తుంది.
కింద గడులు:
కోపం, దుఃఖం, సంతోషం, చెప్పలేం.
నొక్కితే ఇంకోటి. రోజుకు ఎనిమిది వందలు.
ఏదో యంత్రం మా నుంచి మనుషుల్ని నేర్చుకుంటోందట.

"అన్నం తిన్నవా" అని వచ్చింది ఒకసారి.
ముందూ వెనకా ఏం లేదు.
ఎవరు, ఎవరిని,
కొట్లాట అయ్యాకనా,
దవాఖానా వరండాలోనా?
పక్క సీటు పిల్లవాడు సంతోషం నొక్కి
చాయ్‌కి లేచాడు.
నేను నాలుగో గడి.

నెలాఖరుకు సూపర్‌వైజర్ పిలిచాడు.
"ఫ్లోర్ మొత్తంలో మీ చెప్పలేంలే ఎక్కువ.
ఇంతకీ ఏం చదివారు?"
చెప్పాను.
"ఓ..."
మళ్ళీ అవే చుక్కలు.

గోదావరి అశోక్‌నగర్‌లో నాలుగు మంచాల గదిలో
మూడోసారి గ్రూప్స్ రాస్తోంది.
తబస్సుమ్ గోల్కొండలో టూరిస్టులకు
చప్పట్ల ప్రతిధ్వని వినిపించి,
ఇది కాక ఇంకేమైనా అడగండని బతిమాలుతుందట.
మేడంని ఈ ఏడు మళ్ళీ తీసుకోలేదు.
టోలీచౌకిలో ట్యూషన్లు చెప్తోంది,
లెక్కలు.

మొన్న ఎర్రగడ్డలో ఒక లిఫ్ట్ తాడు తెగింది.
లోపల ఎవరూ లేరు, నయం.
నిన్న కంపెనీ నుంచి బాపుకు కాయితం వచ్చింది.
"నా అజాగ్రత్త వల్ల" అని మొదలు,
కింద సంతకానికి గీత.
తాడు మార్చాలని ఆయన మూడుసార్లు చెప్పిన సంగతి
ఎక్కడా లేదు.
రెండుసార్లు చదివాను.
అణా తీసుకున్నవాడి చేతిరాత
టైపులో కూడా గుర్తుపట్టొచ్చు.

"బాపూ, ఇది నీ మాట కాదు."
"తెల్సు. పెట్టకుంటే ఏమైతది?"

ఉద్యోగం పోతుందా, కోర్టా, ఏం కాదా?
ఆయన నా ముఖమే చూస్తున్నాడు,
ఇరుక్కున్నవాళ్ళు తలుపు సందులోంచి
తనను చూసినట్టు.

"చెప్పలేం," అన్నాను.

కాసేపు కూచున్నాడు.
పెన్నుకు క్యాప్ పెట్టి,
"అయితే నువ్వు రాయి,
నేను చెప్త," అన్నాడు.