అంచుల మీద రాసినోళ్లు

దేవరకొండ బస్టాండు ఎనుక
పంచర్ల డబ్బాకు, సోడా బండికి నడిమిట్ల
జాంగీర్ అద్దెపుస్తకాల కొట్టు.
నవల రోజుకు ఆఠాన,
వారపత్రిక చారాన,
వానల తడిపితె జుర్మానా.
ఎండాకాలం సెలవులల్ల అక్కడ రిజిస్టర్ రాసెటోన్ని.

మొన్న నల్లగొండల సభ.
"కాలక్షేపం నవల మన చదువరిని చెడగొట్టిందా?"
ఉన్నదున్నట్టు చెప్పమన్నరు.
రెండు రాత్రులు కాయితం ముందర కూసున్న,
ఒక్క ముక్క పడలే.
ఉన్నదున్నట్టు చెప్పెటోళ్లు
నాకంటె ముందే చెప్పి పోయిన్రు,
అంచుల మీద, పెన్సిల్‌తోని.

మర్రిగూడ అంగన్‌వాడీ ఆయా అండాలు:
"బాయికాడ హీరోయిన్ నవ్వితె ముత్యాలు రాలినయట.
మా బోరింగు నీళ్లు పదేండ్లు తాగి
అప్పుడు నవ్వుమను, పండ్లు చూద్దాం."

గట్టుప్పల మగ్గం మీది ఇస్తారి:
"నలభైల నీలం చీరెకు ఎర్రంచు.
యాభైల అదే చీరెకు పచ్చంచు.
రంగు నిలువని సరుకు. వాపస్."

కేతావత్ లచ్చిరాం, కండక్టర్, బ్యాడ్జి నంబరుతో సహా:
"పట్నం నుంచి సాగర్‌కు గంటల తోలిండు.
ఈ రైటరు ఎర్రబస్సు ఎన్నడు ఎక్కలే."

డిటెక్టివ్ పుస్తకం మూడో పేజీల ఎవడో పుణ్యాత్ముడు:
"సంపింది డాక్టరే."
దాని కింద: "నీ చెయ్యిరుగ."
దాని కింద, ఎర్రసిరాతోని:
"డాక్టర్ కాదు, డాక్టర్ తమ్ముడు. వీనికి సదువు రాదు."

ఆఖరి పేజీలు మాత్రం ఉండకపోయేటివి.
బజ్జీల పొట్లాలకు పోయినయో, పోరగాండ్లు చింపిన్రో.
"మరి ఆఖరికి ఏమయింది, జాంగీర్?"
అని అడిగితె
రేకు కుర్చీల ఎనక్కి వాలి చెప్పెటోడు.
లచ్చిరాంకు చెప్పిన ముగింపుల
హీరో నౌకరి పర్మనెంటయింది.
ఇస్తారికి చెప్పినదాంట్ల
షావుకారి ఖాతాబుక్కుకు చెదలు పట్టింది.
అండాలుకు,
ఆ పిల్ల కుట్టుమిషన్ నెత్తిన పెట్టుకొని
అత్తగారింట్లకెళ్లి ఎల్లిపోయింది,
దర్వాజ కూడ దగ్గరికెయ్యలే.

జాంగీర్‌కు తెలుగు చదవరాదు.
లేకుంటె రిజిస్టర్ నాకెందుకిస్తడు.
ఆఖరి పేజీ లేని ఆ పుస్తకాన్నే
అండాలు పదకొండు సార్లు పట్కపోయింది.
పదకొండు ఆఠానలు, నా చేతిరాతల్నే ఉన్నయి.

ఎన్నో ఏండ్లకు కోఠి ఫుట్‌పాత్ మీద
నిండు పుస్తకం దొరికింది.
నిలబడే చివరి పేజీ తీసిన.
మొగని కాళ్ల మీద పడ్డది.
లేవనెత్తిండు.
సమాప్తం.
బేరం కూడ అడగకుండ ఆడనే పెట్టొచ్చిన.

సభల గిదే చెప్పిన.
అవి మంచి పుస్తకాలు కావు, శానమటుకు.
పదిట్ల ఒకటి మాత్రం
కరెంటు పోయినా ఇడువనియ్యలే,
కందిలి పొగకు ముక్కుపుటాలు నల్లగైనదాంక చదివిన,
ఇప్పటికీ దాని మీద పావురమే, సిగ్గేం లేదు.
వేదిక మీద ఒకాయన దగ్గిండు.

హాల్ల యాభై మందిమి.
నలభై మందిమి కవులమే.
ఒకల పుస్తకం ఒకలకు ఊర్కెనె ఇచ్చుకున్నం,
"ఆత్మీయంగా" అని సంతకం పెట్టి.
నా సంచిల ఏడు పడ్డయి.
రెండు నెలలాయె, సంచి తలుపెనుక మేకుకే ఉన్నది.
ఆఠాన పెట్టి కొండవోయినోడు
పైసలకు తగ్గ కోపం సూపెటోడు.
మేం ఫోన్‌ల "అద్భుతం" అనుకుంటం,
చదువకముందే.

వాపస్ వచ్చేటప్పుడు దేవరకొండల దిగిన.
కొట్టు జాగల రీచార్జి దుకాణం.
ఎదురుంగ శాఖా గ్రంథాలయంల
నా పుస్తకం ఉన్నదా అని అడిగిన,
ఎవరిదో అన్నట్టు.
ఉన్నది. పదకొండేండ్లల్ల రెండే ముద్రలు.
ఒక్కొక్క పేజీ తిప్పి అంచులు ఎతికిన.
తిట్టు లేదు, గీత లేదు, ప్రశ్న లేదు.
పద్నాలుగో పేజీల మాత్రం
పసుపంటిన బొటనేలి ముద్ర.
ఆడికెళ్లి ముందుకు పోయిన్రో,
ఆడనే మూసి
పొయ్యి మీది కూర కలపబోయిన్రో.