పడవ విలువ

మెయిన్ రాష్ట్రపు తీరంలో ఏప్రిల్ అంటే
ఇంకా చేతులు పగిలే చలే.
వంటింటి బల్ల మీద ఉప్పుసీసా బరువు పెట్టి
అక్క కాలేజీ ఉత్తరం పరిచింది.

సీటు ఇచ్చామని మొదటి పేజీ.
అమ్మ అక్కడే ఆగిపోయి ఏడ్చేసింది.
రెండో పేజీలో అంకెలున్నాయి.

ఫీజు ఇంత, సాయం ఇంత,
మీ కుటుంబం పెట్టుకోగలదని మేం కట్టిన లెక్క ఇంత:
ఏడాదికి ముప్ఫై ఒక్క వేల డాలర్లు.
నాన్న కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు.

"ఇంత డబ్బు మనకుందని ఎవడు చెప్పాడు వాళ్ళకి?"
"నువ్వే నాన్నా. జనవరిలో."

నిజమే. ఆ దరఖాస్తులో ఒక గడి ఉంది,
మీ వ్యాపారం విలువ ఎంత అని.
పక్క రేవు డెల్బర్ట్ చెప్పనే చెప్పాడు, సగం రాయవయ్యా అని.
లాబ్‌స్టర్ బోనులు ఎక్కడ దించుతున్నాడో
సొంత తమ్ముడికి కూడా
ఉత్తరమని చెప్పి దక్షిణం పోయే మనిషి,
ఆ గడిలో మాత్రం
పడవ ఎంత చేస్తుందో అంతా రాశాడు.
ఇంజను కోసం మామయ్య దగ్గర తెచ్చిన చేబదులు
ఏ గడిలోనూ పట్టలేదు.

పడవ పేరు కొరలీ.
అక్క పేరూ అదే.
అక్క పుట్టిన వారం నాన్న కుంచె పట్టి
పడవ వెనక పలక మీద వంకరగా రాసుకున్నాడు.
ఒక కొరలీ నీళ్ళ మీద ఉంది కాబట్టి
ఇంకో కొరలీకి సాయం అక్కర్లేదట.

"అమ్మేస్తా" అన్నాడు నాన్న.
"అమ్మి, రెండో ఏడు ఏం తింటాం?" అంది అమ్మ.
అక్క ఏమీ అనలేదు.

ఆ రాత్రి కాలేజీకి ఉత్తరం రాసి
తప్పులు చూడమని నాకిచ్చింది.
నాకు పదమూడేళ్ళు, నాకేం తెలుసు.
"పడవని ముక్కలు కోసి ఫీజు కట్టలేం,
తేలుతున్నంతసేపే దానికి విలువ" అని ఉందందులో.
పొగరుగా ఉంది, తీసెయ్యమన్నాను.
తియ్యలేదు.

జవాబు మే ఒకటిలోగా రావాలి.
దగ్గర్లోని చవక కాలేజీకి కట్టాల్సిన వంద డాలర్లు
కవర్లో, ఫ్రిజ్ మీద.
దాన్ని చూడనట్టే అందరం పాలు తీసుకుంటున్నాం.

ఆ రోజు చీకటితోనే ముగ్గురం వేటకెళ్ళాం.
అక్క ఎర సంచులు నింపుతోంది,
మోచేతుల దాకా చేప నెత్తురు.
దీవి దాటితే ఫోనుకి సిగ్నల్ ఉండదు.
దాటబోయే ముందు నాన్న ఇంజను తగ్గించాడు.
ఎందుకని మేం అడగలేదు.

అలాగే ఊగుతూ ఉన్నాం చాలాసేపు.
డీజిల్ మండుతూనే ఉంది,
చుక్క చుక్కకీ లెక్క చూసే మనిషి
గేజి వైపు తల తిప్పలేదు.